చెప్పులు కుట్టిన పండితుడు

భగవంతుని సేవ అనగానే ఆలయమో, ఆశ్రమమో, అరణ్యమో మన మనసులో మెదలడం సహజం. పొట్టకోసం చేసే పని ఒకటి, దైవంకోసం చేసే పని మరొకటి అని లోకం ఏనాడో విభజించుకొన్నది. ఆ విభజనను అంగీకరించనివారు మన దేశంలో లేకపోలేదు. కబీరు మగ్గాన్ని విడిచిపెట్టలేదు. రవిదాసు తోలుపని మానలేదు. పోతన పొలం దున్నుకొంటూనే భాగవతాన్ని రచించాడని మన పెద్దలు చెప్పుకొంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టి, బెంగాలు గడ్డమీద కన్నుమూసిన విలియం కేరీ ఆ కోవకు చెందిన క్రైస్తవుడు. చెప్పులు కుట్టడం, నీలిమందు తయారుచేయించడం, పుస్తకాలు అచ్చువేయడం, పాఠాలు చెప్పడం, మొక్కలు పెంచడం - ఇన్ని పనులలో ఏది దైవకార్యం, ఏది కాదు అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వెంటాడింది. మొదట ఆ ప్రశ్నను వేసింది ఆయన సొంత మనుషులే.

కేరీ 1761 ఆగస్టు 17వ తేదీన నార్తాంప్టన్‌షైర్ మండలంలోని పాలర్స్‌పరీ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి ఎడ్మండ్ నేతపనివాడు. కుమారునికి ఆరేళ్లు వచ్చేసరికి ఆయన ఆ ఊరి బడికి ఉపాధ్యాయుడయ్యాడు. కెనడానుండి తిరిగివచ్చిన పినతండ్రి పీటర్ తోటమాలి. ఆయన సాంగత్యంలో బాలుడికి చెట్లన్నా, పురుగులన్నా, పక్షులన్నా ఎనలేని మక్కువ ఏర్పడింది. అతని గది ఎప్పుడూ వాటితోనే నిండి ఉండేది. అయితే ఎండ తగిలితే ఒళ్లు కమిలిపోయే చర్మవ్యాధి ఉండటంవల్ల పొలం పనికి పనికిరాకపోయాడు. నీడపట్టున కూర్చుని చేసే వృత్తి ఏదైనా నేర్పించాలని తలచి, పద్నాలుగేళ్ల ప్రాయంలో తండ్రి అతణ్ణి పిడింగ్‌టన్ గ్రామంలోని క్లార్క్ నికొల్స్ అనే చర్మకారుని వద్ద శిష్యునిగా చేర్చాడు.

ఆ దుకాణంలో జరిగిన ఒక సంఘటనను కేరీ పెద్దయ్యాక తానే రాసిపెట్టుకొన్నాడు. క్రిస్మస్ రోజులలో యజమాని సరుకులు తెచ్చిపెట్టమని పంపినప్పుడు ఒక ఇనుప సామాన్ల వ్యాపారి బాలుడికి బహుమానంగా షిల్లింగు నాణెం ఇచ్చాడు. అది చెల్లని నాణెమని తరువాత తెలిసింది. ఆ చెల్లని నాణేన్ని యజమాని డబ్బులో కలిపి, మంచి నాణేన్ని తాను తీసుకొన్నాడు. ఈ ఒక్క అబద్ధం గట్టెక్కిస్తే ఇకమీదట తప్పు చేయనని దేవునికి మొక్కుకొన్నాడు కూడా. మొక్కు ఫలించలేదు, మోసం బయటపడింది. ఊరంతా తననే వేలెత్తి చూపుతున్నదన్న సిగ్గుతో చాలాకాలం ప్రార్థనా మందిరానికి వెళ్లడానికే జంకాడు. భక్తి అనేది ఆదివారపు వ్యవహారం మాత్రమే కాదని, దుకాణంలోని చిల్లరడబ్బు దగ్గరే దానికి పరీక్ష ఉంటుందని ఆ బాలుడికి తెలిసివచ్చింది అప్పుడే.

నికొల్స్ దుకాణంలో ఉన్న ఒక బైబిలు వ్యాఖ్యాన గ్రంథంలో అక్కడక్కడ అర్థంకాని అక్షరాలు కనిపించాయి. అవి గ్రీకు అక్షరాలు. కేరీ వాటిని కాగితంమీద ఎక్కించుకొని, తన ఊరిలో కొంత చదువుకొన్న ఒక నేతపనివాని వద్దకు తీసుకుపోయి అర్థం చెప్పించుకొనేవాడు. ఆ విధంగా మొదలైన భాషాధ్యయనం ఆ తరువాత లాటిను, హీబ్రూ, ఫ్రెంచి, డచ్చి భాషలకు విస్తరించింది. చేతిలో ఆరె, ఎదుట పుస్తకం. గురువు లేడు, పాఠశాల లేదు.

1779లో నికొల్స్ మరణించగా కేరీ హాకిల్‌టన్‌లోని థామస్ ఓల్డ్ అనే మరొక చర్మకారుని వద్ద చేరాడు. 1781లో ఆ యజమాని భార్యకు చెల్లెలైన డొరొతీని వివాహం చేసుకొన్నాడు. ఆమెకు చదువు రాదు; పెండ్లి పత్రంలో సంతకానికి బదులు గీత గుర్తు పెట్టింది. కొంతకాలానికి ఓల్డ్ మరణించాడు. దుకాణంతోపాటు ఆయన కుటుంబ భారం కూడా కేరీ భుజాలమీద పడింది. తొలిచూలు బిడ్డ రెండేళ్లయినా నిండకుండానే జ్వరంతో పోయింది. అదే జ్వరం కేరీ తలమీది వెంట్రుకలను కూడా తీసుకుపోయింది. 1785లో ఆయన మౌల్టన్ గ్రామానికి చేరి అక్కడి బాప్టిస్టు సంఘానికి బోధకుడయ్యాడు. బోధకునికి సంఘం ఇచ్చే సొమ్ము కడుపు నింపేది కాదు. అందుచేత పగలు బడి నడిపి, రాత్రులు చెప్పులు కుట్టేవాడు. కుట్టిన జోళ్లను సంచిలో వేసుకొని కెటరింగ్ పట్టణానికి నడిచిపోయేవాడు.

పనిచేసే చోట గోడకు ఒక పెద్ద ప్రపంచపటం వేలాడుతుండేది. అనేక కాగితాలను అతికించి ఆయనే స్వయంగా గీసిన పటమది. ఒక్కొక్క దేశం మీద అక్కడి జనసంఖ్య, మతం, ఆచారాలు చేతనైనంత వివరంగా రాసి ఉంచాడు. కెప్టెన్ కుక్ సముద్రయాత్రల గ్రంథం ఆయన ఊహకు రెక్కలు తొడిగింది. తోలు కుడుతూ తలెత్తి చూస్తే లోకమంతా కళ్లముందు ఉండేది. కెటరింగ్‌లో పాదరక్షల వ్యాపారి అయిన థామస్ గాచ్ ఈ యువకుని పట్టుదలను గమనించి, తోలుపని మాని చదువుకొనేందుకు వారానికి పది షిల్లింగులు ఇచ్చాడు. దేవుని పని చేయడమే తన వ్యాపారమని, చెప్పులు కుట్టడం దానికయ్యే ఖర్చుకోసమని కేరీ ఆ రోజులలో అంటుండేవాడని చెబుతారు. చక్కని మాటే. కాని ఆ మాటలోనూ రెండు పనుల మధ్య ఒక గోడ నిలిచే ఉన్నది. ఆ గోడ కూలడానికి ఆయన ఇండియాకు రావలసివచ్చింది.

ఇతర దేశాల ప్రజలకు క్రైస్తవ బోధ అందించడం క్రైస్తవుల బాధ్యత అని వాదిస్తూ కేరీ 1792లో 87 పుటల చిన్న పుస్తకాన్ని ప్రకటించాడు. దానిలో 23 పుటలు దేశాల విస్తీర్ణాలు, జనసంఖ్యలు, మతాల పట్టికలే. భావావేశంతో రాసే విషయాన్ని సైతం పట్టికలతో రాయడం పనివాని బుద్ధికి తగినట్లే ఉన్నది. అదే ఏడాది అక్టోబరు 2వ తేదీన కెటరింగ్‌లో ఒక వితంతువు ఇంటి వెనుకగదిలో పట్టుమని పదిహేనుమంది లేని ఒక సమావేశం జరిగింది. బాప్టిస్టు మిషనరీ సంఘం అక్కడ పుట్టింది. ఆనాడు వాగ్దానం చేయబడిన చందా 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. మరుసటి ఏడాది జూన్ 13న కేరీ డేనిష్ ఓడ ఎక్కాడు. ఈస్టిండియా కంపెనీ మిషనరీలకు అనుమతి ఇవ్వదు కనుక కంపెనీ ఓడలో చోటు దొరకలేదు. డొరొతీ మొదట రానని తెగేసి చెప్పింది. అప్పటికి ఆమె ఒడిలో రోజుల బిడ్డ. బయలుదేరడం ఆలస్యమైనందున మరల బతిమాలితే, చెల్లెలు తోడువస్తుందన్న హామీమీద అయిష్టంగా సమ్మతించింది.

1793 నవంబరులో వారు కలకత్తా చేరారు. తెచ్చుకొన్న డబ్బు కొద్ది నెలలలోనే హరించుకుపోయింది. సుందరవనాలలో అడవి కొట్టుకొని వ్యవసాయం చేయడానికి ప్రయత్నించాడు. 1794 జూన్‌లో జార్జి ఉడ్నీ అనే ఉదారుడైన ఆంగ్లేయుడు మాల్దా ప్రాంతంలోని మద్నాబాటి నీలిమందు కర్మాగారానికి కేరీని అధికారిగా నియమించాడు. జీతం నెలకు 200 రూపాయలు. ఆ జీతం చేతికి రాకముందే కేరీ ఇంగ్లండులోని సంఘానికి ఉత్తరం రాశాడు. ఇకపై తనకు డబ్బు పంపవలసిన అవసరం లేదని, ఆ సొమ్ము మరొక చోట వినియోగించమని ఆ ఉత్తరం సారాంశం.

సంఘం పెద్దలు సంతోషిస్తారని ఆయన ఊహించి ఉంటాడు. వచ్చిన జవాబు వేరు. వ్యాపార వ్యవహారాలలో పడి మిషనరీ దీక్షను పోగొట్టుకోవద్దని వారు హెచ్చరించారు. ఈ హెచ్చరిక కేరీని ఎంతగా నొప్పించిందో ఆయన లేఖలే చెబుతాయి. కుటుంబానికి కనీస అవసరాలు పోగా మిగిలినదంతా అనువాద సహాయకులకు, లేఖకులకు, బడికి వెచ్చిస్తున్నానని ఆయన సమాధానమిచ్చాడు. తనను తాను గొప్పగా సమర్థించుకొనే స్వభావం ఆయనకు లేదు. అయినప్పటికీ కష్టపడి సంపాదించి బతకడం దైవసేవకు భంగకరమన్న భావాన్ని ఆయన ఒప్పుకోలేకపోయాడు. నిజానికి ఆ కర్మాగారమే ఆయనకు పాఠశాల. నీలిమందు కూలీల మధ్య తిరుగుతూనే బంగ్లా నేర్చాడు. ఆ రైతుల పొలాలను, కరవులను, అప్పులను కళ్లారా చూశాడు. ఇంగ్లండునుండి తనకు ఏటేటా విత్తనాలు, కొడవళ్లు, నాగలి పనిముట్లు పంపించమని మిత్రులను కోరాడు.

ఈ సేవకు చెల్లించిన మూల్యం మాత్రం కేరీ ఒక్కడిదే కాదు. 1794లో ఐదేళ్ల కుమారుడు పీటర్ రక్తవిరేచనాలతో చనిపోయాడు. పరదేశీయుని శవానికి గుంత తవ్వడానికి ఊరివారు ఎవరూ ముందుకు రాలేదు. చివరకు నలుగురు ముస్లింలు అంగీకరించారు. ఆ దెబ్బకు డొరొతీ మనస్సు చెదిరిపోయింది. భర్తమీద లేనిపోని అనుమానాలు, దూషణలు, కొన్నిసార్లు దాడులు. పన్నెండేళ్లకు పైగా ఆమె ఆ స్థితిలోనే జీవించింది. చాలాకాలం ఆమెను గదిలో ఉంచి తలుపు వేయవలసివచ్చేది. పక్కగదిలో కేరీ అనువాదం సాగిస్తుండేవాడు. ఆయన ఆమెను వదిలిపెట్టలేదు, పిచ్చాసుపత్రికి పంపమన్న సలహాను పాటించలేదు. కాని తాను కోరుకోని ప్రయాణానికి అంతటి వెల చెల్లించిన ఆ నిరక్షరాస్యురాలిని తలచుకోకుండా కేరీ కీర్తిని మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు. ఆమె 1807 డిసెంబరు 8న మరణించింది.

1800 జనవరి 10న కేరీ హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్ చేరాడు. అది అప్పటికి డేనిష్‌వారి ఏలుబడిలోని పట్టణం. కంపెనీ ఆంక్షలు అక్కడ చెల్లవు. ఇంగ్లండునుండి కొత్తగా వచ్చిన విలియం వార్డ్ అచ్చుపనిలో ఆరితేరినవాడు. జాషువా మార్ష్‌మన్ ఉపాధ్యాయుడు. మార్ష్‌మన్ భార్య హన్నా బడి నడపడంలో సమర్థురాలు. వీరంతా ఒకే కప్పుకింద, ఒకే వంటతో జీవించారు. ఎవరు ఎంత సంపాదించినా అది ఉమ్మడి నిధికే చేరాలి. అచ్చుపని, బడిపని, బోధ అన్నీ సమానమే. సంఘం పెద్దలు పరచిన గోడ ఆ ఇంటిలో కనిపించదు. 1800 డిసెంబరు 28న తొలిసారిగా ఒక బెంగాలీ వ్యక్తి బాప్తిస్మం పొందాడు. ఏడేళ్ల నిరీక్షణ తరువాత వచ్చిన ఆ మొదటి మనిషి కృష్ణపాల్ వృత్తిరీత్యా వడ్రంగి.

1801లో బంగ్లా కొత్త నిబంధన వెలువడింది. అదే ఏడాది గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆధ్వర్యంలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బంగ్లా, సంస్కృతాలు బోధించడానికి కేరీకి పిలుపు వచ్చింది. జీతం నెలకు 500 రూపాయలు. తరువాత ఆచార్య పదవితో అది వేయి రూపాయలయింది. ఆ సొమ్ములో తన కుటుంబానికి కొద్దిమొత్తం, కళాశాలకు వెళ్లేటప్పుడు వేసుకొనే మంచి దుస్తులకు మరికొంత మాత్రమే తీసుకొని, తక్కినదంతా ఉమ్మడి నిధిలో వేసేవాడు. మృత్యుంజయ విద్యాలంకార్, రామరామ బసు వంటి పండితులు ఆయనకు సహచరులు. తోలు తాకిన చేతులు, శాస్త్రాలు తిప్పిన చేతులు ఒకే ప్రతిమీద పనిచేశాయి. ఆనాటి దేశకాల పరిస్థితులు తెలిసినవారికి ఇది ఎంత విశేషమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన ఒక రోజు ఎలా గడిచేదో 1806 జూన్ 12వ తేదీ నాటి లేఖవల్ల తెలుస్తున్నది. తెల్లవారుజామున ఆరుగంటలకు ముందే లేచి హీబ్రూ బైబిలులో ఒక అధ్యాయం చదివాడు. సేవకులతో కలిసి బంగ్లాలో ప్రార్థన చేశాడు. మున్షీతో పారసీ చదివాడు. ఫలహారమయ్యాక పండితునితో కూర్చుని సంస్కృత రామాయణ అనువాదం సాగించాడు. పదిగంటలనుండి రెండుగంటల వరకు కళాశాలలో పాఠాలు. ఇంటికి రాగానే బంగ్లా యిర్మీయా గ్రంథపు అచ్చుప్రతులు దిద్దాడు. భోజనానంతరం మృత్యుంజయునితో మత్తయి సువార్తను సంస్కృతంలోకి మార్చాడు. సాయంత్రం ఆరుగంటలకు ఒక తెలుగు పండితుడు వచ్చాడు. కేరీ ఆయనవద్ద మన భాష నేర్చుకొన్నాడు. ఏడున్నరకు ప్రసంగం. ఆపైన పదకొండు గంటలవరకు మరల అనువాదం. తరువాత ఉత్తరాలు. ఈ దినచర్యలో ప్రార్థన ఎక్కడ ముగిసి పని ఎక్కడ మొదలైనదో గీత గీసి చూపడం కష్టం. తనలో ప్రతిభ ఏమీ లేదని, విసుగులేకుండా ముందుకు సాగగలగడం ఒక్కటే తనకు తెలుసునని ఆయన తన సోదరుని కుమారునితో అన్నాడట.

ఆ సాయంత్రాల ఫలితమే 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన కేరీ తెలుగు వ్యాకరణం. దాని వెనుక ఒక విషాదం ఉన్నది. 1812 మార్చి 11 రాత్రి ముద్రణాలయంలో నిప్పు అంటుకొన్నది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. బహుభాషా నిఘంటువుకోసం ఏళ్లతరబడి కూర్చిన రాతప్రతి, తెలుగు వ్యాకరణ సామగ్రి, అనేక భాషల అచ్చు అక్షరాలు, కాగితపు రీములు అన్నీ బూడిదయ్యాయి. అచ్చుయంత్రాలు మాత్రం మిగిలాయి. కరిగి ముద్దయిన లోహాన్ని బూడిదలోంచి ఏరి, పంచానన్ కర్మకార్ శిక్షణలో పుట్టిన పనివారు కొద్ది వారాలలోనే తిరిగి అక్షరాలు పోతపోశారు. కేరీ ఏ మాత్రం ఆలస్యం చేయక మొదటి పుటనుండి మరల రాయడం ప్రారంభించాడు. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడవడం సులువని ఆయన భావన. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా అక్కడ వెలువడింది. అనేక భాషలలో ఒకేసారి పనిచేయడంవల్ల ఆ అనువాదాలలో లోపాలు దొర్లాయి; తరువాతివారు వాటిని పక్కనపెట్టి కొత్తగా అనువదించారు. శ్రమకు విలువ ఉన్నంత మాత్రాన ఫలితం నిర్దుష్టమని చెప్పలేము.

తెలుగువారికి ఆయనతో మరొక చుట్టరికం ఉన్నది. సామర్లకోటలో ఏళ్లతరబడి ఉండి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ కేరీకి ఆప్తమిత్రుడు. ఆయన మరణించిన తరువాత భారతదేశపు వృక్షజాతులను గురించిన ఆయన గ్రంథాన్ని సంస్కరించి ప్రచురించినవాడు కేరీయే. దానిలో మొక్కలకు తెలుగు పేర్లు కూడా చూడవచ్చు. 1820లో కేరీ కలకత్తాలో వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించాడు. మిషనరీకి మొక్కలతో పనేమిటని అడిగినవారు లేకపోలేదు.

గొప్పవారి మధ్య మెలగవలసివచ్చినప్పుడు ఆయన తన పూర్వవృత్తిని దాచుకోలేదు. బారక్‌పూర్‌లో గవర్నర్ జనరల్ ఇచ్చిన విందులో ఒక సైన్యాధికారి, ఈ ఆచార్యుడు ఒకనాడు బూట్లు తయారుచేసేవాడు కాదా అని పక్కవానిని కొంచెం పెద్దగొంతుతోనే అడిగాడు. కేరీ ముందుకు వచ్చి, తాను తయారుచేసేవాడిని కూడా కాదని, పాతవి బాగుచేసేవాడిని మాత్రమేనని సవరించాడు.

1829 డిసెంబరు 4న గవర్నర్ జనరల్ బెంటింక్ సతీసహగమనాన్ని నిషేధిస్తూ శాసనం చేశాడు. ఆ దురాచారానికి వ్యతిరేకంగా కేరీ పాతికేళ్లకు పైగా శ్రమించాడు. మన రామమోహన్ రాయ్ వంటివారి పోరాటం అందరికీ తెలిసినదే. శాసనాన్ని బంగ్లాలోకి అనువదించమన్న ప్రభుత్వ ఆజ్ఞ కేరీకి అందేసరికి ఆదివారం ఉదయం. ఆయన ప్రార్థనా మందిరానికి బయలుదేరుతున్నాడు. ఆనాడు ప్రసంగించవలసింది ఆయనే. నిష్ఠగల ఆనాటి బాప్టిస్టుకు ఆదివారంనాడు కచేరీ పని ముట్టుకోవడం నిషిద్ధం. కేరీ అంగరఖా విప్పి పక్కనపెట్టాడు. ప్రసంగానికి మరొకరిని పంపమన్నాడు. ఒక్క గంట ఆలస్యమైనా ఎక్కడో ఒక స్త్రీ చితిమీద దగ్ధం కావచ్చునని ఆయన భయం. పండితుణ్ణి పిలిపించుకొని రోజంతా కూర్చుని, సాయంత్రానికి అనువాదం పూర్తిచేశాడు.

చివరి సంవత్సరాలలో కష్టాలు చుట్టుముట్టాయి. ఆస్తుల నిర్వహణ విషయంలో ఇంగ్లండులోని సంఘంతో విభేదాలు వచ్చి 1827లో శ్రీరాంపూర్ వేరుపడింది. కలకత్తాలోని వ్యాపార సంస్థలు దివాలా తీయడంతో నిధులు పోయాయి. కళాశాల ఉద్యోగం రద్దయింది. 41 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లని ఆ వృద్ధుడు బంగ్లా బైబిలును చివరిసారిగా దిద్ది ముగించాడు. తన గ్రంథాలయాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో కుమారుడు జాబెజ్‌కు 1500 రూపాయలు ఇవ్వమని వీలునామా రాశాడు. 

నడవలేని దశలో కూడా ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తోటలో తిప్పేవారు. చూడటానికి వచ్చిన మార్ష్‌మన్ ముందు ఒకనాడు కేరీ దిగులు వెళ్లబోసుకొన్నాడు. తాను పోయిన తరువాత మార్ష్‌మన్ ఆవులను తోటలోకి తోలేస్తాడేమోనని ఆయన బెంగ. ఆ తోటను కాపాడతానని మార్ష్‌మన్ మాట ఇచ్చాడు. కేరీ 1834 జూన్ 9వ తేదీ తెల్లవారుజామున మరణించాడు. మరునాడు శ్రీరాంపూర్‌లో డేనిష్ పతాకాన్ని సగానికి దించి, ఆయనను ఖననం చేశారు.